విరాళం కూడా అమానతే: అమెరికా ఎన్నికల చట్టం, మన కుటుంబాల బాధ్యత

1996 ఏప్రిల్ 29న అమెరికా ఉపాధ్యక్షుడు అల్ గోర్ కాలిఫోర్నియాలోని హసియెండా హైట్స్‌లో ఉన్న షీ లాయ్ బౌద్ధాలయాన్ని సందర్శించారు. అక్కడ విందు జరిగింది. డెమోక్రటిక్ పార్టీకి చెక్కులు చేరాయి. చెక్కులు రాసినవారిలో ఐహిక సంపదను వదులుకున్న సన్యాసినులు కూడా ఉన్నారు. వారు రాసిన సొమ్మును ఆలయం తన ఖాతా నుంచి వారికి తిరిగి చెల్లించింది. అంటే చెక్కు మీద పేరు ఒకరిది, డబ్బు మరొకరిది. మరుసటి ఏడాది ఆ సన్యాసినులు సెనేటు కమిటీ ఎదుట, దేశమంతా టెలివిజన్‌లో చూస్తుండగా, సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. కొన్ని కాగితాలను నాశనం చేసినట్టు కూడా వారు ఒప్పుకున్నారు. ఆ విరాళాలను సమకూర్చిన మరియా షియా అనే మహిళను 2000లో న్యాయస్థానం దోషిగా తేల్చింది.

విషయం అంతటితో ముగియలేదు. ఆ ఎన్నికల్లో ఆసియా దేశాల నుంచి అక్రమ ధనం వచ్చిందన్న దుమారం రేగగానే, డెమోక్రటిక్ పార్టీ నియమించిన ఆడిటర్లు ఆసియా పేర్లున్న దాతలకు ఫోన్లు చేశారు. మీరు పౌరులేనా, మీ ఆదాయమెంత, ఈ డబ్బు ఎక్కడిది అని ప్రశ్నించారు. తరతరాలుగా అమెరికాలో నివసిస్తున్న కుటుంబాలు సైతం ఆ ప్రశ్నలకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. తప్పు చేసింది కొద్దిమంది. అవమానం పాలైంది ఒక సముదాయం మొత్తం.

ఒక బౌద్ధాలయం గాథతో మేము ఈ వ్యాసాన్ని ప్రారంభించడానికి కారణముంది. ఆ ఆలయం స్థానంలో ఒక మస్జిదును, ఆ సన్యాసినుల స్థానంలో మన అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను ఊహించుకోండి. ఆ దుమారం నాలుగు రోజుల్లో సద్దుమణిగేదా? మన పాఠకులకు జవాబు తెలుసు.

మా పత్రిక చదివే కుటుంబాలలో చాలావాటికి అమెరికాతో రక్తసంబంధం ఉంది. హైదరాబాదు పాతబస్తీ నుంచి, గుంటూరు, కర్నూలు, నెల్లూరు, నిజామాబాదుల నుంచి వెళ్లిన మన బిడ్డలు చికాగోలో, డల్లాస్‌లో, హ్యూస్టన్‌లో, న్యూజెర్సీలో స్థిరపడ్డారు. కొందరు పౌరులయ్యారు, కొందరు గ్రీన్ కార్డు పొందారు, మరెందరో హెచ్-1బీ వీసాతోనో విద్యార్థి వీసాతోనో ఉన్నారు. అక్కడి రాజకీయాల్లో ముస్లింల పాత్ర కూడా పెరిగింది. 2006లో కీత్ ఎల్లిసన్ ఎన్నికయ్యేదాకా అమెరికా కాంగ్రెస్‌లో ఒక్క ముస్లిం కూడా లేరు. 2024 ఎన్నికల తర్వాత ఆండ్రే కార్సన్, ఇల్హాన్ ఒమర్, రషీదా తలైబ్, లతీఫా సైమన్ అనే నలుగురు ప్రతినిధుల సభలో ఉన్నారు. హైదరాబాదులో పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. ఆమెది రాష్ట్రస్థాయి పదవి, దానికి రాష్ట్ర చట్టం వర్తిస్తుంది. మేమిక్కడ చర్చించేది అధ్యక్షుడు, సెనేటు, ప్రతినిధుల సభ ఎన్నికలకు వర్తించే ఫెడరల్ చట్టాన్ని. 2026 నవంబరు 3న కాంగ్రెస్‌కు మధ్యంతర ఎన్నికలు జరగనున్నాయి. విరాళాల సేకరణ ఇళ్లలో, హోటళ్లలో, సముదాయ భవనాలలో సాగే కాలమిది. ఈ సమయంలో మేము చెప్పదలచినది ఒక్కటే. చట్టప్రకారం విరాళమిచ్చి, పైసాతో సహా లెక్క చూపడం మన సముదాయానికి కేవలం కాగితాల పని కాదు. మన రాజకీయ హక్కును నిలబెట్టే పునాది అదే.

ముందుగా చట్టం స్వరూపాన్ని గ్రహించాలి. ఇక్కడి ఎన్నికల లెక్కలకూ అక్కడి లెక్కలకూ మౌలికమైన తేడా ఉంది. మన దేశంలో అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది. తెలుగు రాష్ట్రాలలో లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల రూపాయలకు, శాసనసభ అభ్యర్థి 40 లక్షల రూపాయలకు మించి ఖర్చు చేయరాదు. ఫలితం వెలువడిన 30 రోజులలో జిల్లా ఎన్నికల అధికారికి లెక్క సమర్పించాలి. అమెరికాలో అభ్యర్థి ఖర్చుకు అలాంటి పరిమితి లేదు. 1976లో బక్లీ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఖర్చుపై పరిమితిని కొట్టివేసి, విరాళంపై పరిమితిని మాత్రం నిలిపింది. అందువల్ల అక్కడి చట్టం చూపంతా ఇచ్చే చేతిమీదా, పుచ్చుకునే చేతిమీదా ఉంటుంది. ఎవరిచ్చారు, ఎంత ఇచ్చారు, ఏ పని చేస్తారు, ఎక్కడ పని చేస్తారు అన్నవే ప్రధాన ప్రశ్నలు.

1971లో వచ్చిన ఫెడరల్ ఎన్నికల ప్రచార చట్టానికి వాటర్‌గేట్ కుంభకోణం తర్వాత, 1974లో, గట్టి సవరణలు జరిగాయి. ఫెడరల్ ఎన్నికల కమిషన్ ఆ సవరణల ఫలితమే. 2025-26 ఎన్నికల చక్రంలో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక్కో ఎన్నికకు 3,500 డాలర్ల వరకు ఇవ్వవచ్చు. ప్రైమరీ, సాధారణ ఎన్నిక వేర్వేరు ఎన్నికలుగా లెక్కకు వస్తాయి కాబట్టి రెండింటికీ కలిపి 7,000 డాలర్లు. భార్యాభర్తలలో ఒకరికే సంపాదన ఉన్నా ఇద్దరూ విడివిడిగా తమ తమ పేర్లతో ఇవ్వవచ్చు. మన స్త్రీలకు ఈ సంగతి ప్రత్యేకంగా తెలియాలి. ఇంటిని చూసుకునే తల్లి వృత్తి గడిలో గృహిణి అని రాసి, తన సంతకంతో, తాను మెచ్చిన అభ్యర్థికి విరాళమివ్వడం చట్టం గుర్తించిన హక్కు. భర్త నిర్ణయించి భార్య పేరు వాడుకుంటే మాత్రం ఆ హక్కు అర్థం కోల్పోతుంది.

ఎవరు ఇవ్వరాదన్న విషయంలో మన కుటుంబాలు అన్నింటికంటె ఎక్కువ జాగ్రత్త వహించాలి. అమెరికా పౌరులూ, గ్రీన్ కార్డు ద్వారా శాశ్వత నివాసం పొందినవారూ మాత్రమే విరాళమివ్వడానికి అర్హులు. హెచ్-1బీ వీసాదారు పదేళ్లుగా అక్కడ పన్ను కడుతున్నా అనర్హుడే. విద్యార్థి అనర్హుడే. బిడ్డను చూడడానికి వెళ్లిన తల్లిదండ్రులు అనర్హులే. ఈ నిషేధం ఫెడరల్ ఎన్నికలకే కాక రాష్ట్ర, స్థానిక ఎన్నికలకు కూడా వర్తిస్తుంది. చట్టబద్ధమైన వీసాతో పనిచేస్తున్న ఇద్దరు విదేశీయులు దీనిని బ్లూమన్ కేసులో సవాలు చేశారు. 2011లో ఫెడరల్ న్యాయస్థానం నిషేధాన్ని సమర్థించింది, 2012లో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయపరచింది. ఇది న్యాయమా అని వాదించవచ్చు. పన్ను కట్టేవాడికి గొంతు వద్దా అన్న ప్రశ్న మాకూ ఉంది. కాని చట్టం ఇప్పుడు ఇలా ఉంది.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. చికాగోలో పౌరసత్వం ఉన్న కొడుకు తన అభ్యర్థి కోసం ఇంట్లో విందు పెట్టాడు. నెల్లూరు నుంచి వచ్చిన తండ్రి, "బేటా, నా తరఫున కూడా వెయ్యి డాలర్లు వేసెయ్, నేను ఇస్తాను" అన్నాడు. తండ్రి మాటలో ప్రేమ తప్ప మరేమీ లేదు. కాని ఆ వెయ్యి డాలర్లు కొడుకు పేరుతో చేరితే ఒకేసారి రెండు నేరాలు జరిగినట్టు. ఒకటి విదేశీయుడి విరాళం, రెండోది ఒకరి డబ్బును మరొకరి పేరిట ఇవ్వడం. కొడుకు చెప్పవలసిన జవాబు, "అబ్బా, మీ దువా చాలు. ఈ డబ్బు మాత్రం నేను తీసుకోకూడదు" అన్నదే. ఈ మాట చెప్పడానికి కొడుకు సంకోచించకూడదు, వినడానికి తండ్రి నొచ్చుకోకూడదు.

ఇవ్వలేనివారు ఊరికే కూర్చోనక్కరలేదు. వీసాదారు జీతం తీసుకోకుండా స్వచ్ఛందంగా ప్రచారంలో పనిచేయవచ్చు. ఇంటింటికీ తిరగవచ్చు, సభలకు వెళ్లవచ్చు. ప్రచార ధనాన్ని ఎలా ఖర్చు చేయాలన్న నిర్ణయాలలో మాత్రం పాలుపంచుకోరాదు. తెలియక ఇప్పటికే విరాళమిచ్చినవారు దాచిపెట్టుకోకుండా వెంటనే ఆ ప్రచార కమిటీకి తెలియజేసి తిరిగి తీసుకోవాలి. అక్రమమని తెలిసిన 30 రోజులలోపు కమిటీ ఆ సొమ్మును వాపసు చేయాలి. వీసా మీద నెట్టుకొస్తున్న కుటుంబానికి ఒక చిన్న ఉల్లంఘన ఎంత పెద్ద భయాన్ని తెచ్చిపెడుతుందో మేము చెప్పనక్కరలేదు.

ఇక బినామీ విరాళం. భూముల వ్యవహారాల వల్ల ఈ మాట మనకు బాగా తెలుసు. ఒకే వ్యక్తి తన పరిమితి దాటి ఇవ్వదలచి, ఉద్యోగుల చేత, బంధువుల చేత చెక్కులు రాయించి, తర్వాత నగదు రూపంలోనో బోనస్ రూపంలోనో వారికి చెల్లించడమే అది. ఇలాంటి సొమ్ము ఒక ఏడాదిలో 25,000 డాలర్లు దాటితే 5 ఏళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ముంబయిలో పుట్టి, అమెరికాలో మితవాద రచయితగా పేరొందిన దినేశ్ డిసౌజా 2012 సెనేటు ఎన్నికల్లో తన మిత్రురాలైన అభ్యర్థికి 20,000 డాలర్లు ఇతరుల పేరిట ఇప్పించి, 2014లో నేరం ఒప్పుకున్నారు. అధ్యక్షుడు ట్రంప్ 2018లో ఆయనకు క్షమాభిక్ష పెట్టారు. హోటళ్ల వ్యాపారి సంత్ సింగ్ చత్వాల్ 1,80,000 డాలర్లకు పైగా సొమ్మును ఇలాగే నడిపించినట్టు అదే ఏడాది ఒప్పుకున్నారు.

ఇతరుల ఉదాహరణలు చెప్పి మనవారిని దాచిపెట్టడం మా పద్ధతి కాదు. దక్షిణాసియా మూలాలున్న ముస్లిం వ్యాపారి ఇమాద్ జుబేరీ ఇరు పార్టీల నాయకులతోనూ పరిచయాలు పెంచుకున్నారు. విదేశీ ధనాన్ని విరాళాలుగా మళ్లించడం, పన్ను ఎగవేత వంటి నేరాలను 2019లో అంగీకరించారు. 2021లో ఆయనకు 12 ఏళ్ల శిక్ష పడింది. 2025లో అధ్యక్షుడు ఆ శిక్షను తగ్గించారు. అధ్యక్షుల దయ సంపన్నుల తలుపు తట్టవచ్చు. సాధారణ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి, పెట్రోలు బంకు నడిపే చిన్న వ్యాపారికి ఆ తలుపులు తెరుచుకుంటాయని ఎవరు హామీ ఇస్తారు?

మస్జిదు కమిటీలకు మా విన్నపం వేరుగా ఉంది. అమెరికాలోని మస్జిదులు సాధారణంగా పన్ను మినహాయింపు గల ధార్మిక సంస్థలు. 1954లో వచ్చిన జాన్సన్ సవరణ ప్రకారం అలాంటి సంస్థలు ఏ అభ్యర్థికీ అనుకూలంగానో ప్రతికూలంగానో ప్రచారంలో పాల్గొనరాదు. ప్రార్థనా స్థలంలో మతపెద్దలు తమ సభ్యులతో ఎన్నికల గురించి మాట్లాడుకోవడం దీని కిందికి రాదని 2025లో ఆ దేశపు పన్నుల శాఖ ఒక కేసులో న్యాయస్థానానికి తెలిపింది. ఈ మాట విని కొందరు ఉత్సాహపడుతున్నారు. మాట వేరు, డబ్బు వేరు. కార్పొరేషన్లు ఫెడరల్ అభ్యర్థులకు విరాళమివ్వరాదన్న నిషేధం 1907 నుంచి ఉంది. లాభాపేక్ష లేని కార్పొరేషన్‌గా నమోదైన మస్జిదుకూ అది వర్తిస్తుంది. మస్జిదు ఖాతా నుంచి చెక్కు రాయకూడదు. హాలును ఒక అభ్యర్థికి మాత్రమే ఉచితంగా ఇవ్వకూడదు. సభ్యుల చిరునామాల జాబితాను ప్రచారానికి ధారపోయకూడదు. జకాతు, సదఖా పెట్టెల్లో పడిన సొమ్ము అనాథకూ, పేదకూ, మస్జిదు నిర్వహణకూ చెందినది. దాత ఏ ఉద్దేశంతో ఇచ్చాడో ఆ ఉద్దేశానికి కట్టుబడడం అమానతు. ఎన్నికల చట్టం లేకపోయినా మనకు ఈ నియమం ఉంది.

మస్జిదు చేయదగిన పనులు చాలా ఉన్నాయి. ఓటర్ల నమోదు శిబిరం పెట్టవచ్చు. అభ్యర్థులందరినీ సమానంగా ఆహ్వానించి ప్రశ్నలు అడిగించవచ్చు. ఓటు ఎలా వేయాలో నేర్పవచ్చు. ఫలానావారికి ఓటు వేయండి అన్న చోటే గీత దాటుతుంది. సభ్యులు తమ ఇళ్లలో, తమ సొంత డబ్బుతో చేసుకునే పనికి ఆ అడ్డు లేదు. ఇంట్లో అభ్యర్థికి విందు ఇచ్చే వ్యక్తి ఆహ్వానాలకు, భోజనానికి ఒక్కో ఎన్నికకు 1,000 డాలర్ల వరకు ఖర్చు చేస్తే అది విరాళం లెక్కలోకి రాదు. అదే బిర్యానీని కార్పొరేషన్‌గా నమోదైన హోటలు ఉచితంగా పంపితే నిషిద్ధ విరాళమవుతుంది. వంటకం ఒక్కటే, వడ్డించే చేయి మారితే చట్టం మారుతుంది.

ఇంత జాగ్రత్తా చివరికి వచ్చి చేరేది ఒక వ్యక్తి దగ్గరికి. ఆ వ్యక్తి కోశాధికారి. కోశాధికారి లేకుండా ప్రచార కమిటీ ఒక్క డాలరు పుచ్చుకోవడానికీ, ఖర్చు చేయడానికీ వీల్లేదు. మన సముదాయం నుంచి తొలిసారి పోటీ చేసే అభ్యర్థులు తరచుగా ఈ పనిని నమ్మకస్తుడైన మిత్రుడికో బంధువుకో అప్పగిస్తారు. నమ్మకం మంచిదే, దానికి తోడు నేర్పు కావాలి. 50 డాలర్లు దాటిన ప్రతి విరాళానికి దాత పేరు, చిరునామా నమోదు చేయాలి. ఒకరి విరాళాలన్నీ కలిపి 200 డాలర్లు దాటితే వృత్తి, యజమాని పేరు కూడా అడిగి, నివేదికలో విడిగా చూపాలి. నగదు 100 డాలర్లకు మించి తీసుకోరాదు. సభలో టోపీ తిప్పి నోట్లు పోగుచేసే అలవాటు ఇక్కడ పనికిరాదు. పేరు తెలియని నగదులో 50 డాలర్లకు మించినది ప్రచారానికి వాడరాదు. వచ్చిన సొమ్మును 10 రోజులలో బ్యాంకులో వేయాలి. ఎన్నికల ఏడాదిలో కాంగ్రెస్ అభ్యర్థుల కమిటీలు మూడు నెలలకొకసారి, ఎన్నికకు ముందు, సాధారణ ఎన్నిక తర్వాత నివేదికలు ఇవ్వాలి. పోలింగుకు ముందు చివరి 20 రోజులలో 1,000 డాలర్లు, అంతకు మించిన విరాళం వస్తే 48 గంటల్లో ప్రకటించాలి. కాగితాలను మూడేళ్లు భద్రపరచాలి. గడువు తప్పితే జరిమానా. తెలిసి తప్పు చేసినా, నిర్లక్ష్యంగా బాధ్యత వదిలేసినా కోశాధికారి స్వయంగా జవాబుదారీ అవుతాడు.

ఈ వివరాలు విసుగు పుట్టిస్తాయని మాకు తెలుసు. ఉపన్యాసం ఇచ్చేవాడికి చప్పట్లు దక్కుతాయి, పద్దులు రాసేవాడికి దక్కవు. అయితే ఖురాన్‌లో అన్నిటికంటె పొడవైన వాక్యం అప్పు లావాదేవీలను రాసిపెట్టుకోవడం గురించేనని గుర్తు చేసుకుందాం. ఇచ్చిపుచ్చుకోవడాన్ని రాతలో పెట్టడం, సాక్షులను పెట్టుకోవడం మన సంప్రదాయానికి కొత్త కాదు. మన దేశంలో వక్ఫ్ ఆస్తుల అనుభవం చేదైనదే. లెక్కలు సరిగా లేని చోటల్లా మన ఆస్తి పోయింది. ఆ లోపాన్నే సాకుగా చూపి మన అధికారాన్ని తగ్గించాలనుకునే వారికి వాదన కూడా దొరికింది. 2025 వక్ఫ్ సవరణ చట్టంపై జరిగిన చర్చలో దీనిని మనమందరం చూశాం. ఆ చట్టాన్ని మేము వ్యతిరేకించాం, వ్యతిరేకిస్తూనే ఉంటాం. మన పద్దుల నిర్లక్ష్యం మన ప్రత్యర్థికి పనికొచ్చిందన్న నిజాన్ని మాత్రం కాదనలేం.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. అన్ని నియమాలూ పాటించినా ముస్లింల డబ్బును అనుమానంగానే చూస్తారు కదా? నిజమే. 1984లో అధ్యక్ష అభ్యర్థి వాల్టర్ మాండేల్ ప్రచార బృందం అరబ్ అమెరికన్లు ఇచ్చిన విరాళాలను వెనక్కి పంపింది. 2000లో న్యూయార్కు నుంచి సెనేటుకు పోటీ చేసిన హిల్లరీ క్లింటన్, అమెరికన్ ముస్లిం అలయన్స్ ఆధ్వర్యంలో బోస్టన్‌లో సేకరించిన 50,000 డాలర్లను తిరిగి ఇచ్చేశారు. ఆ సొమ్ము చట్టవిరుద్ధమని ఎవరూ నిరూపించలేదు. ఆ సంస్థ నాయకుడి మాటలపై ప్రత్యర్థులు చేసిన విమర్శ చాలింది. కాగితాలు సక్రమంగా ఉన్నంత మాత్రాన పక్షపాతం పోదు. అయినా ఒక తేడా ఉంది. లెక్క సక్రమంగా ఉన్నవాడి డబ్బును తిరిగి పంపితే సిగ్గుపడవలసింది పంపినవాడే. లెక్క తప్పినవాడి డబ్బును తిరిగి పంపితే సిగ్గు మనకు, మన పిల్లలకు, మన పేరున్న ప్రతి దాతకూ అంటుకుంటుంది. 1997లో ఆసియా పేర్లున్న కుటుంబాలకు వచ్చిన ఫోన్లు మనకు పాఠం.

రెండో అభ్యంతరం భయానికి సంబంధించినది. 200 డాలర్లు దాటిన దాత పేరు, ఊరు, ఉద్యోగం ప్రజలందరూ చూడగలిగే జాబితాలోకి చేరుతాయి. యాక్ట్‌బ్లూ వంటి ఆన్‌లైన్ వేదికల ద్వారా ఇస్తే అంతకంటె తక్కువ మొత్తం కూడా ఆ వేదిక నివేదికలో కనిపిస్తుంది. 2001 సెప్టెంబరు తర్వాతి నిఘాను అనుభవించిన ముస్లిం కుటుంబానికి తన పేరు ప్రభుత్వ జాబితాలో ఉండడమంటే వణుకు పుట్టడం సహజం. న్యాయస్థానాలు ఈ భయాన్ని పూర్తిగా తోసిపుచ్చలేదు. 1958లో నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ తన సభ్యుల జాబితాను అలబామా ప్రభుత్వానికి ఇవ్వనక్కరలేదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. వేధింపులకు గురైన సోషలిస్టు వర్కర్స్ పార్టీ తన దాతల పేర్లు బయటపెట్టనక్కరలేదని 1982లో తీర్మానించింది. అంటే వేధింపు రుజువైన చోట గోప్యతకు చట్టంలో చోటుంది. అభ్యర్థులకు ఇచ్చే విరాళాల విషయంలో మాత్రం ముస్లిం సముదాయం ఆ దారిని కోరుకోరాదని మా అభిప్రాయం. దాక్కుని ఇచ్చిన డబ్బు మన గొంతుగా లెక్కకు రాదు. పేరు బయటపడడం ఇష్టం లేనివారు కాళ్లతో, మాటతో, ఓటుతో సహాయపడవచ్చు. ఇచ్చేవారు పేరుతో ఇవ్వాలి.

మూడో అభ్యంతరం కోపంతో కూడినది. కోటీశ్వరులకు హద్దు లేదు, మా వంద డాలర్లకు మాత్రం ఇన్ని గడులా అని అక్కడి యువకులు అడుగుతున్నారు. ఆ కోపంలో న్యాయముంది. 2010లో సిటిజన్స్ యునైటెడ్ తీర్పు, దాని వెంట వచ్చిన మరో తీర్పు సూపర్ ప్యాక్‌లకు తలుపులు తెరిచాయి. అభ్యర్థితో కలిసి పథకం వేయనంత వరకు అవి ఎంతైనా సేకరించవచ్చు, ఎంతైనా ఖర్చు చేయవచ్చు. 2024లో ఒక్క ఇలాన్ మస్క్ 25 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించారు. పాలస్తీనా పక్షాన మాట్లాడిన జమాల్ బౌమన్‌ను న్యూయార్కు ప్రైమరీలో ఓడించడానికి ఇజ్రాయెల్ అనుకూల సంస్థ ఐపాక్‌కు చెందిన సూపర్ ప్యాక్ అదే ఏడాది కోటి డాలర్లకు మించి గుమ్మరించింది. పైగా ఆరుగురు సభ్యులుండవలసిన ఫెడరల్ ఎన్నికల కమిషన్ 2025లో కోరం కూడా కోల్పోయింది. కాపలాదారు లేని తోటకు కంచె ఎందుకని కొందరికి అనిపించవచ్చు.

ఆ వాదన మమ్మల్ని ఒప్పించలేదు. మొదటి కారణం, నేరాలను విచారించేది కమిషన్ ఒక్కటే కాదు, న్యాయశాఖ కూడా. ఐదేళ్ల వరకు కేసు పెట్టవచ్చు. నేడు నిద్రపోతున్న చట్టం రేపు ఎవరి మీద మేలుకొంటుందో ఊహించడం మనవంటి అల్పసంఖ్యాకులకు కష్టం కాదు. రెండో కారణం ఇంకా ముఖ్యమైనది. బౌమన్‌పై ఎవరు ఎంత ఖర్చు చేశారో మనకు ఎలా తెలిసింది? మస్క్ లెక్క మనకు ఎలా అందింది? ఇదే చట్టం కింద దాఖలైన నివేదికల వల్లనే. ఆ నివేదికలే లేకపోతే మన మీద ప్రయోగించిన ధనబలం గాలిలో కలిసిపోయేది. మన దేశంలో ఎన్నికల బాండ్ల చరిత్ర చూడండి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టివేసి వివరాలు బయటపెట్టమనేదాకా ఎవరు ఏ పార్టీకి ఎంత ఇచ్చారో పౌరుడికి తెలియలేదు. దాతల పేర్లు తెలియాలని ఇక్కడ డిమాండు చేసిన మనం, అక్కడ మన పేర్లు దాచుకోవాలని కోరలేం. బలవంతుడి లెక్క అడిగే నైతిక హక్కు తన లెక్క చూపినవాడికే ఉంటుంది.

కనుక ఇరువైపులా ఉన్న మన కుటుంబాలకు మా విజ్ఞప్తి ఇది. ఇక్కడి తల్లిదండ్రులారా, బిడ్డల రాజకీయ ఉత్సాహాన్ని ఆశీర్వదించండి, డబ్బు మాత్రం పంపకండి. మీ ఊరి వ్యాపారి ఎవరైనా అక్కడి అభ్యర్థికి చేర్చమని సొమ్ము ఇవ్వబోతే, అది మీ బిడ్డను చిక్కుల్లోకి నెట్టే సొమ్మని చెప్పి తిరస్కరించండి. అక్కడి సోదరసోదరీమణులారా, మీ డబ్బు మీరే ఇవ్వండి, మీ పేరుతోనే ఇవ్వండి. వృత్తి గడిని ఖాళీగా వదలకండి. ప్రభుత్వంతో స్వయంగా కాంట్రాక్టు కుదుర్చుకున్న వ్యక్తి ఫెడరల్ విరాళం ఇవ్వరాదని, కాంట్రాక్టు పొందిన కంపెనీలో ఉద్యోగికి మాత్రం ఆ అడ్డు లేదని తెలుసుకోండి. మైనరు పిల్లల పేరిట తల్లిదండ్రులు చెక్కులు రాయకండి. విందు ఏర్పాటు చేసేవారు తలుపు దగ్గరే అర్హతల గురించిన కాగితం పెట్టి, వచ్చినవారందరినీ ఒకే ప్రశ్న అడగండి. అనుమానం కలిగితే ఊహించకుండా న్యాయవాదిని సంప్రదించండి. ఎన్నికల చట్టం, పద్దులు తెలిసిన యువతను, ముఖ్యంగా యువతులను, కోశాధికారులుగా తయారు చేయండి. పదిమంది వక్తలున్న సముదాయానికి ఒక్క మంచి కోశాధికారి లేకపోవడం పేదరికమే.

అమెరికా కాంగ్రెస్‌లో మనవారి సంఖ్య రేపు నాలుగు నుంచి పద్నాలుగు కావచ్చు. ఆ రోజు వచ్చినప్పుడు వారి నివేదికలను ప్రత్యర్థులు భూతద్దం పెట్టి చదువుతారు. చదవనివ్వండి. ప్రతి పేరు వెనుక ఒక నిజమైన మనిషి, ప్రతి డాలరు వెనుక అతని సొంత సంపాదన కనబడాలి. అలా కనబడేట్టు చూసుకోవడం ఈ ఎన్నికల నుంచే మన చేతుల్లో ఉంది.